జబ్బలో సున్నం

భుజం నొప్పి అనగానే వాతం అనుకుంటాం. కొందరి భుజంలో నిజంగానే సుద్దలాంటి ముద్ద పేరుకుని ఉంటుంది. దాన్ని తెర మీద చూస్తూ, కత్తి పెట్టకుండా, సూదితో కడిగేసే వైద్యం ఉంది. అది ఎవరికి? ఎప్పుడు? ఎంతవరకు?

విజయనగరం దగ్గరి రామతీర్థంలో కొండకు మొక్కేటప్పుడు మా మేనత్త రెండు చేతులూ నెత్తిమీదికి ఎత్తుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కింద గుడిలో రాముడికైతే గుండెల దగ్గర చేతులు జోడిస్తే చాలు. నీలాచలం మీదున్న కోదండరాముడికి మాత్రం చేతులు బాగా పైకి లేవాలి, లేకపోతే ఆయనకు ఆనవని ఆమె నమ్మకం.

పోయినేడాది శివరాత్రి జాతరకు వెళ్లాను. కొండ దిగువన కొబ్బరికాయలు, కర్పూరం అమ్ముకునే ఆమె కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికితే కొట్టు బయటికొచ్చి కొండవైపు తిరిగింది. ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి భుజం ఎత్తుకు రాకముందే ఆగిపోయింది. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని పైకి నెట్టింది. పెదవి కొరుక్కుంది. అయినా అరచేతులు కలవలేదు.

“ఏటైంది అత్తా?”

“ఏటుందిరా, జబ్బ పట్టేసింది. వాతం. ఐదు నెల్లయిపోనాది. సెయ్యి లెగట్నేదు.”

అప్పుడు గమనించాను, ఆమె జుట్టుకు ముడి లేదు. రబ్బరు బ్యాండు బిగించి వదిలేసింది. రెండు చేతులూ తల వెనక్కి వెళ్తేగాని ముడి పడదు. జాకెట్టు చేతిలో దూర్చుకోవడానికి కూతురు సాయం పట్టాలి. అటక మీది డబ్బా అందదు. కాయ కొట్టాలంటే పక్క కొట్టు కుర్రాణ్ణి పిలుస్తోంది. పగలు ఎలాగోలా గడిచిపోతుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, లేచి కూర్చోవాల్సిందే. ఐదు నెలలుగా గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది నలభై తొమ్మిదేళ్ల మనిషి.

ఐదు నెలలు, ఒక్క ఫొటో లేదు

ఈ ఐదు నెలల్లో ఏమేం చేశారో అడిగితే వేళ్లు మడిచి చెప్పింది. వావిలాకు కాపడం. ఆముదం మర్దన. నరం సరిచేస్తానని ఒకాయన చెయ్యి పట్టి గుంజాడు, ఆ రాత్రి జ్వరం వచ్చింది. తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు భుజంలోకి సూది పొడిపించుకుంది. మొదటిదానికి పదిహేను రోజులు హాయిగా ఉంది, రెండోదానికి ఆ మాత్రమూ లేదు. ఆ మందేమిటో ఆమెకు తెలియదు. చీటీ లేదు. పొడిచినాయనకు భుజంలో ఏముందో తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే ఇన్నాళ్లలో ఎవరూ ఒక ఎక్స్‌రే తీయించలేదు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో నా వాటా కూడా ఉంది. నెలకోసారి ఫోన్ చేస్తాను. “జబ్బ నొప్పిరా” అని ఆమె అన్నప్పుడల్లా “ఎండ తగలనియ్యి, తగ్గిపోద్ది” అన్నది నేనే.

ఈ మధ్య ఫోన్లలో ఒక రకం వీడియోలు తిరుగుతున్నాయి. భుజంలోకి సూది దిగుతుంది, సిరంజిలోకి తెల్లటి సుద్దనీళ్లు వస్తాయి, “ఆపరేషన్ లేకుండా అరగంటలో మాయం” అని కింద అక్షరాలు. అత్త కూతురు అలాంటిదొకటి చూపించి, “బావా, అమ్మకిది చేయించొచ్చా?” అంది. మాయం అన్న మాట చూస్తే నాకు అనుమానమే. కానీ ఆ తెల్లనీళ్లు మాత్రం అబద్ధం కావు. మర్నాడే విజయనగరం తీసుకెళ్లి ముందు ఎక్స్‌రే తీయించాం.

ఫిల్ము కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. చేతి ఎముక తల గుండ్రంగా, బూడిదరంగులో ఉంది. దానికి కాస్త పైన, ఎముకతో సంబంధం లేకుండా, చిక్కుడుగింజంత తెల్లటి మచ్చ. ఐదు నెలల నిద్ర తినేసింది ఆ గింజే.

గోగునారకు పట్టిన సుద్ద

భుజం కీలు చిన్న చిప్ప మీద పెద్ద బంతిని ఆనించినట్టు ఉంటుంది. జారిపోకుండా పట్టుకునేది కండలే. నాలుగు కండల చివర్లు కలిసి బంతిని టోపీలా కప్పుతాయి. కండ చివర ఎముకకు అతుక్కునే గట్టి పట్టీని టెండన్ అంటారు. నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు తేలిగ్గా చెప్పాలంటే, గోగునార పురి పెట్టిన తాడులాంటిది. నాలుగింటిలో పైనుండే తాడు చేతిని పక్కకు ఎత్తే పని మొదలుపెడుతుంది. సుద్ద ఎక్కువగా పట్టేది దానికే.

పోగుల మధ్య కాల్షియం స్ఫటికాలు ఎందుకు చేరతాయో వైద్యం ఇంకా తేల్చలేదు. ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లలో, మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుందని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. బరువులు మోస్తే వస్తుందనడానికి గట్టి రుజువు లేదు, కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకూ వస్తుంది. 1941లో అమెరికాలో బాస్‌వర్త్ అనే డాక్టరు ఆరువేల పైచిలుకు ఆఫీసు ఉద్యోగుల భుజాలు పరీక్షిస్తే 2.7 శాతం మందిలో ఈ సుద్ద కనిపించింది. వాళ్లలో చాలామందికి నొప్పే లేదు. అంటే ఫిల్ములో మచ్చ ఉన్నంతమాత్రాన నొప్పికి అదే కారణం అనడానికీ లేదు. డాక్టరు చేతితో పరీక్షించి ఆ రెండూ ఒకచోట కలుస్తున్నాయో లేదో చూడాలి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఈ జబ్బు నడక. కెనడాలో హాన్స్ ఉథాఫ్ అనే ఎముకల డాక్టరు దీన్ని దశలుగా విడమరిచి చెప్పారు. మొదట సుద్ద పేరుకుంటుంది. తర్వాత నెలలో, ఏళ్లో ఊరికే పడుంటుంది. ఒకరోజు ఒంటికే తెలివొచ్చినట్టు ఆ చోటికి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, కణాలు వచ్చి సుద్దను తినడం మొదలుపెడతాయి. గట్టి సుద్దముక్క మెత్తబడి టూత్‌పేస్టులా అవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. మనిషి కేకలు పెట్టేది అప్పుడే. భరించలేని నొప్పి వచ్చిందంటే చాలాసార్లు జబ్బు కరగడం మొదలైందన్న మాట. ఇది తెలియక ఆ వారంలోనే ఆపరేషన్‌కు తొందరపడేవాళ్లున్నారు.

> కిళ్లీ సున్నం కాదు
>
> ఎక్స్‌రే చూసి “సున్నం చేరింది” అని డాక్టరు అనగానే అత్త కిళ్లీ మానేసింది. పాలు, గుడ్డు కూడా మానేయమంది పక్కింటావిడ. భుజంలో చేరేది ఆకుకు రాసుకునే సున్నం కాదు. ఎముకల్లో, పళ్లలో ఉండే కాల్షియం ఫాస్ఫేటు జాతిది. తిండిలో కాల్షియం ఎక్కువై అది భుజానికి ఎక్కదు. పాలు, రాగులు, చేపలు మానేస్తే భుజంలో సుద్ద కరగదు, ఎముకలు మాత్రం గుల్లబారతాయి. డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు ఈ భయంతో సొంతంగా ఆపొద్దు. కిళ్లీ మానడం మంచిదే, నోటి కోసం.

సిరంజిలో కుడితినీళ్లు

మొదట ఆరు వారాలు మాత్రలు, వ్యాయామం చేయించారు. కాస్త నయం అనిపించింది గానీ రాత్రి నొప్పి వదల్లేదు. అప్పుడు విశాఖపట్నంలో ఒక రేడియాలజీ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. నన్ను తెర పక్కన నిలబడనిచ్చారు.

అత్తను వెల్లకిలా పడుకోబెట్టారు. ముందు అల్ట్రాసౌండ్‌తో భుజమంతా వెతికారు. గర్భిణులకు చేసే స్కానింగ్ యంత్రమే, ప్రోబు వేరు. తెర మీద టెండన్ సన్నని చారలుగా కనిపించింది. చారల మధ్య ఒకచోట నెలవంకలా తెల్లగా మెరిసే గీత, దాని కింద నల్లని నీడ. ధ్వని తరంగాలు సుద్దను దాటి వెళ్లలేవు కాబట్టి ఆ నీడ. “ఇదిగో” అన్నారు డాక్టరమ్మ. అత్త తల తిప్పి చూసింది. ఇన్నాళ్లూ వాతం అనుకున్నదాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తోంది.

చర్మానికి, లోపలికి మత్తుమందు ఇచ్చారు. తర్వాత లావుపాటి సూది. డాక్టరమ్మ ఎడమచేతిలో ప్రోబు, కుడిచేతిలో సూది. సూది దిగుతున్న దారంతా తెర మీద వెండితీగలా కనిపిస్తోంది. మొన తెల్లని గీతను తాకింది, పొడుచుకుని లోపలికి వెళ్లింది. సిరంజిలో ఉన్నది సెలైను. దాన్ని కొంచెం నెట్టి వదిలారు. లోపలి ఒత్తిడికి నీళ్లు తమంతట తామే వెనక్కొచ్చాయి. వెళ్లినప్పుడు తేట, వచ్చినప్పుడు తెల్లటి మబ్బు. మళ్లీ నెట్టడం, వదలడం. బియ్యం కడిగిన కుడితిలా సిరంజి నిండింది. సిరంజిని సూది కంటే కిందికి వంచి పట్టుకున్నారు. సుద్ద అడుగుకు దిగాలి, మళ్లీ నెట్టినప్పుడు లోపలికి పోకూడదు. సిరంజిని పైకెత్తి చూపిస్తే అడుగున వేలి గోరంత మందాన తెల్లని మడ్డి. సెలైను గోరువెచ్చగా ఉంటే సుద్ద త్వరగా కరుగుతుందని ఇటలీలో పరీక్షించి చూశారట. కొందరు ఒక సూదితో చేస్తారు, కొందరు రెండు సూదులు పెట్టి ఒకదానిలోంచి పోసి రెండోదానిలోంచి రానిస్తారు.

సుద్ద మొత్తం రాదు, రానక్కర్లేదు. మిగిలింది ఒళ్లే తినేస్తుంది. రాయిలా గట్టిగా ఉన్నప్పుడు నీళ్లకు లొంగదు కూడా. అప్పుడు సూదిమొనతో పలుచోట్ల గుచ్చి వదిలేస్తారు. చివర్లో టెండన్ పైనుండే సంచిలోకి స్టెరాయిడ్ మందు పోశారు, కదిలిన సుద్దకు వాపు రాకుండా. అదీ తెర చూస్తూనే. అంతా కలిపి అరగంట. కుట్లు లేవు, ఒక చిన్న ప్లాస్టరు. సాయంత్రం బస్సుకు రామతీర్థం.

అక్కడితో అయిపోలేదు, వీడియోల్లో చూపించనిది ఇక్కడి నుంచే. రెండో రోజు నొప్పి ముందుకంటే ఎక్కువైంది. “బాగున్నదాన్ని తీసికెళ్లి పాడుసేసినావు గదరా” అని ఫోన్‌లో ఏడ్చింది. ఐసు పెట్టి, మాత్రలు వేసుకుంటే నాలుగు రోజుల్లో సర్దుకుంది. షుగరు ఉన్న మనిషి కాబట్టి స్టెరాయిడ్ వల్ల ఆ వారం రక్తంలో చక్కెర ఎగబాకింది. డాక్టరమ్మ ముందే చెప్పి ఉండబట్టి రోజూ చూపించుకున్నాం. రెండో నెలలో మళ్లీ ఒక వారం నొప్పి తిరగబెట్టింది. కొందరికి అలా జరుగుతుందట. గోడ మీద వేళ్లు నడిపించే వ్యాయామం మూడు నెలలు చేసింది. సున్నం వేసిన గోడ మీద ఆమె వేళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో కూతురు పెన్సిలుతో గీత పెట్టేది.

బోస్టన్ డాక్టరు అడిగిన ప్రశ్న

భుజంలోని ఈ సుద్ద గురించి గట్టిగా ఆలోచించిన తొలితరం వైద్యుల్లో బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఒకరు. 1934లో భుజం మీదే ఒక పుస్తకం రాశారు. ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. వైద్యం చేసిన ప్రతి రోగీ తర్వాత ఎలా ఉన్నాడో ఆసుపత్రి వెంటబడి తెలుసుకోవాలి, బాగుపడకపోతే ఎందుకో రాసిపెట్టాలి అని. ఆ పట్టుదలతో తోటి డాక్టర్లకు దూరమయ్యారు, పెద్ద ఆసుపత్రి వదిలి సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకున్నారు. సూదితో కడిగే పద్ధతిని ప్యాటర్సన్, డరాక్ అనే ఇద్దరు 1937లోనే వివరించారు. అప్పట్లో లోపల చూసే వీలు లేదు, చేతి అంచనాయే. 1970ల్లో కదిలే ఎక్స్‌రే తెర తోడైంది. 1990ల నడుమ ఫిన్లాండ్ డాక్టర్లు అల్ట్రాసౌండ్‌తో చేసి ఫలితాలు ప్రకటించాక రేడియేషన్ బెడదా తప్పింది.

మరి వైద్యం తర్వాత రోగులు ఎలా ఉన్నారన్న కాడ్‌మన్ ప్రశ్న? ఇటలీలో సూదివైద్యం చేయించుకున్న 219 మందిని, వద్దన్న 68 మందిని పదేళ్లు గమనించి 2009లో ప్రకటించారు. మొదటి ఏడాది చేయించుకున్నవాళ్లే మెరుగు. ఐదేళ్లకు, పదేళ్లకు ఇద్దరూ సమానం. 2023లో నార్వే, స్వీడన్ డాక్టర్లు ఇంకా కఠినంగా పరీక్షించారు. ఆరు ఆసుపత్రుల్లో 220 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజంగా కడిగి స్టెరాయిడ్ ఇచ్చారు. రెండో జట్టుకు కడిగినట్టు నటించి స్టెరాయిడ్ ఇచ్చారు. మూడో జట్టుకు నటనా, మత్తుమందూ తప్ప ఏమీ లేదు. ఎవరు ఏ జట్టో రోగులకు తెలియదు. స్టెరాయిడ్ అందిన రెండు జట్లూ మొదటి ఆరు వారాలు మెరుగ్గా ఉన్నాయి. నాలుగు నెలలు తిరిగేసరికి మూడు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండేళ్లకూ లేదు.

ఇది చదివిన రాత్రి నాకు మనసు కుదుటపడలేదు. అత్త చెయ్యి లేచింది, అది నా కళ్లతో చూశాను. లేపింది కడగడమా, స్టెరాయిడా, వ్యాయామమా, లేక సుద్ద తనంతట తానే కరిగే రోజు రావడమా? ఫోన్ చేసి డాక్టరమ్మనే అడిగాను. “ఒక్కరిని చూసి ఎవరూ చెప్పలేరండి. అందుకే అందరికీ చెయ్యను. నెలల తరబడి మాత్రలకు, వ్యాయామానికి లొంగకుండా, నిద్ర లేకుండా, స్కానింగ్‌లో పెద్ద ముద్ద కనిపిస్తేనే చేస్తాను. అదీ ఈ లెక్కలు చెప్పాకే” అన్నారు. ఆ జవాబు నాకు ధైర్యమిచ్చింది. అరగంటలో మాయం అనేవాళ్ల కంటే ఇలా చెప్పే డాక్టరు చేతికి భుజం అప్పగించడం మేలు. యంత్రంతో బయటి నుంచే షాక్‌వేవ్‌లు పంపే వైద్యమూ ఉంది. చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ అన్నీ అయ్యాక చివరి మాట.

> ఏ భుజం నొప్పి ఏది?
>
> మీ చెయ్యి మీరు ఎత్తలేకపోవడమే కాదు, ఇంకొకరు ఎత్తబోయినా గడియ పెట్టినట్టు ఆగిపోతే అది భుజం బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. దాని వైద్యం వేరు, ఈ సూదివైద్యం కాదు.
>
> మెడ నుంచి మొదలై మోచెయ్యి దాటి వేళ్ల దాకా తిమ్మిరి పాకితే మెడ నరాలు చూపించుకోవాలి.
>
> భుజం ఎర్రబడి, వేడెక్కి, జ్వరం ఉంటే ఆగొద్దు. చీము కావచ్చు.
>
> ఎడమ భుజం లాగడంతో పాటు గుండెల మీద బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది భుజం నొప్పి అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

యంత్రం ఉంది, దారి లేదు

భుజబలానికి పేరున్న నేల మాది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుణ్ణి కలియుగ భీముడన్నారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ పతకం తెచ్చింది. మా నెల్లిమర్ల మండలంలోనే బరువులెత్తే ఊరు కొండవెలగాడ ఉంది. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది అక్కడి నుంచే. ఆ ఊళ్ల పక్కనే నాట్లేసే, మోపులెత్తే, కాయలు కొట్టే ఆడవాళ్లకు, రెక్కాడితేగాని డొక్కాడని బతుకులో భుజం పట్టేస్తే, అది జబ్బుగానే లెక్కకు రాదు. వయసు అంటారు. వాతం అంటారు.

వైద్యం లేని ప్రాంతమూ కాదు. నెల్లిమర్లలో వైద్య కళాశాల ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలకు అదే ఏడాది నూరేళ్లు నిండాయి. అల్ట్రాసౌండ్ యంత్రాలు పట్టణాల్లో చాలానే ఉన్నాయి. కానీ ఎముకల డాక్టరు గదిలో చాలాచోట్ల ఉండవు. ఆడపిండాల హత్యలు ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి స్కానింగ్ యంత్రమూ రిజిస్టరు కావాలి, భుజమే చూస్తామన్నా సరే. ఇష్టమొచ్చినట్టు ఊరూరా తిప్పడానికి లేదు. ఆ చట్టం అవసరం, దాన్ని సడలించమని నేను అనను. ఫలితం మాత్రం ఇలా ఉంది. యంత్రం ఒక గదిలో, భుజం ఇంకో గదిలో. స్కానింగ్ గది ముందు గర్భిణుల వరస, కడుపునొప్పుల వరస. భుజాల వంతు వచ్చేదెప్పుడు? పెద్దాసుపత్రుల్లో వారానికి ఒక్క పూట ఎముకల డాక్టరు, రేడియాలజిస్టు ఒకే గదిలో కూర్చుని భుజాలు చూస్తే కొత్త చట్టమూ, కొత్త యంత్రమూ అక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మా పక్కనున్న శ్రీకాకుళం ఒకటి. అందుకే ఇక్కడ ఏ వైద్యం పేరెత్తినా మొదటి ప్రశ్న “కార్డు వర్తిస్తుందా?”. చేయించుకునే ముందే ఆసుపత్రిలో ఆ కార్డు సంగతి చూసేవాళ్లను అడిగి తేల్చుకోండి. సూది ఖర్చు కంటే అటూ ఇటూ తిరిగే ఖర్చూ, పోయిన కూలీ ఎక్కువవుతాయి. మాకు విశాఖ ప్రయాణాలు మూడయ్యాయి. ఆ మూడు రోజులూ కొట్టు మూసి ఉంది.

మొన్న ముక్కోటి ఏకాదశికి మళ్లీ వెళ్లాను. అత్త జుట్టు ముడేసుకుంది, చేమంతి పెట్టుకుంది. కొండకు దండం ఎలా పెట్టిందో చూద్దామనుకున్నాను గానీ బేరం తెగడం లేదు, ఆమె ఇటు తిరిగితే కదా. కుడిచేత్తో కాయ మీద కాయ కొడుతోంది. కాస్త వేగం తక్కువే. ఎత్తినప్పుడు ఒకచోట చిన్న ఆపు ఉంది, అది పోలేదు.

పూసల కొట్టు ఆవిడ వచ్చి నిలబడింది. ఎడమచేత్తో కుడి జబ్బ పట్టుకుని ఉంది. “అప్పా, రేపు జబ్బకి సూది ఏయించుకుంతన్నాను. ఆయన మంచిదే ఏస్తాడంట.”

అత్త కత్తి పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. “పొటో తీయించినావేటే?” అంది.

“పొటో ఏటప్పా, జబ్బకి?”

అత్త గల్లాపెట్టె కింద నుంచి, భూమి కాగితాలు పెట్టుకునే సంచీ లాగింది. అందులోంచి తన పాత ఎక్స్‌రే తీసి, కొట్టులో వేలాడుతున్న బల్బుకు ఎదురుగా పెట్టింది. ఇద్దరూ తలలు పైకెత్తి ఆ తెల్లమచ్చను చూస్తున్నారు.